మావకి చెప్పాల్సిన భాగం

2012 జనవరి 20, శుక్రవారం. తెల్లవారుజామున రెండు గంటలకి అలారం మోగింది. పక్కగదిలో నాన్నకి నిద్ర చెడకూడదని ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి. మా ఇంటర్నెట్ ప్లానులో రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఎంత వాడుకున్నా లెక్క లేదు. మిగతా వేళల్లో ప్రతి ఎంబీకీ లెక్కే. అందుకని రెండు నెలలుగా నాకు నిద్ర రెండు ముక్కలు. కంప్యూటర్ ఆన్ చేసి, మోడెం దీపాలు నిలకడ పడేదాకా ఆగి, జనం ఫైళ్ళు పెట్టి పంచుకునే మెగాఅప్‌లోడ్ సైట్ తెరిచాను. రాలేదు. అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ దగ్గర మా ఆస్టినాబాద్‌లో పేజీ రాకపోవడం వింత కాదు కాబట్టి మళ్ళీ నొక్కాను. వేరే సైట్లు ఆలస్యంగానైనా వస్తున్నాయి. అదొక్కటే రావడం లేదు. నాలుగింటి దాకా అలా నొక్కుతూనే కూర్చున్నాను.

పొద్దున్న అబర్డీన్ బజార్‌లో నేను పనిచేసే జిరాక్స్ కొట్టు తెరిచాక సంగతి తెలిసింది. అమెరికా ప్రభుత్వం ఆ సైట్‌ని మూయించేసింది. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ దగ్గర దాని యజమాని కిమ్ డాట్‌కామ్ ఇంటి మీదకి హెలికాప్టర్లతో పోలీసులు వెళ్ళి అతన్ని పట్టుకున్నారు. రోజుకి 5 కోట్లమంది వచ్చిపోయే చోటు. నమోదైన వాడకందార్లు 15 కోట్లు. అన్ని కోట్లలో ఒకణ్ణి నేను, ఒకే ఒక్క తెలుగు సీరియల్ కోసం వెళ్ళినవాణ్ణి.

సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. కాలికి పిండికట్టుతో మంచం మీద ఉన్నాడు. నవంబర్లో పరంజా మీంచి పడ్డాడు. ముప్పై ఏళ్ళు తాపీ పని చేసినా ఎప్పుడూ పడని మనిషి.

"ఏటిరా, కొట్టు కట్టేసినారేటి?" అన్నాడు.

"కట్టేశారు నాన్నా."

"అయితే ఇంకో కొట్టు సూడు. బజార్ల ఒక్క కొట్టే ఉంటాదేటి?"

నేను వెతుకుతున్నది 'అమృతం'. జెమినీ టీవీలో 2001 నవంబర్ 18న మొదలై సరిగ్గా ఆరేళ్ళు, 2007 నవంబర్ 18 దాకా ఆదివారాలు వచ్చింది. గుణ్ణం గంగరాజు గారు తీసిన 313 భాగాలు. మా నాన్నది సోంపేట దగ్గర పల్లెటూరు. పెళ్ళికి ముందే విశాఖ ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చేశాడు. ఆయన చదువు అయిదో తరగతి. పండగలకి కూడా పెద్దగా నవ్వే మనిషి కాదు. ఆదివారం రాత్రి మాత్రం ఆ సీరియల్ వస్తుంటే ఆయన నవ్వు మా రేకుల షెడ్డు దాటి రోడ్డు మీదకి వినపడేది. నాకు నాన్న నవ్వు అంటే అదే. ఇంకోటి గుర్తు లేదు.

ఒక్కడే చూసేవాడు కాదు. ఆదివారం పొద్దుగూకాక జంగ్లీఘాట్ నుంచి మావ వచ్చేవాడు. రక్తసంబంధం లేదు, నాన్న ఊరివాడే. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు, ఒకే మేస్త్రీ దగ్గర తాపీ పట్టారు, ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు. చేతిలో కాగితంలో చుట్టిన చేపలు తెచ్చి అమ్మకిచ్చి, నాన్న పక్కన పీట మీద కూర్చునేవాడు. అమృతరావు వేషం శివాజీరాజా నుంచి నరేష్‌కీ, ఆ తర్వాత హర్షవర్ధన్‌కీ మారుతూ వచ్చింది. మారిన ప్రతిసారీ వీళ్ళిద్దరూ నాలుగు వారాలు అలిగేవారు. ఆంజనేయులు మాత్రం మొదట్నించీ గుండు హనుమంతరావు గారే. "ఆడు మారితే నాను టీవీ కట్టేస్తాను" అనేవాడు మావ.

2004 డిసెంబర్ మూడో వారంలో మావకి కార్ నికోబార్‌లో క్వార్టర్లు కట్టే పని దొరికింది. పాస్ వచ్చింది, ఓడ టికెట్ వచ్చింది. వెళ్ళేముందు మా గుమ్మం దగ్గర నిలబడి నాన్నతో అన్న మాట నేను విన్నాను. నాకప్పుడు పదిహేనేళ్ళు.

"బావా, నాను తిరిగొచ్చేసరికి నాలుగైదు వారాలవతాది. ఆంజనేయులు ఏటేటి సేసినాడో అంతా నాకు సెప్పాల. ఒక్క ముక్క ఇడిసిపెట్టకు."

"సెప్తాన్లే, ఎల్లు" అన్నాడు నాన్న.

డిసెంబర్ 26 కూడా ఆదివారమే. పొద్దున్న ఆరున్నరకి భూమి ఊగింది. టీవీ స్టాండు మీంచి కిందపడి అద్దం పగిలింది, వెనకగోడ పైనుంచి కింద దాకా బీటలిచ్చింది. మేం పెరట్లో కొబ్బరిచెట్లకి దూరంగా నిలబడి ఉండగానే సముద్రం లోపలికొచ్చేస్తోందని ఎవరో అరుచుకుంటూ పరిగెత్తారు. మా ఇంటి దాకా నీళ్ళు రాలేదు. సిప్పీఘాట్ పొలాలు మాత్రం ఆ రోజు ఉప్పునీళ్ళలోకి పోయి మళ్ళీ పైకి తేలలేదు. ఇవాళ్టికీ ఆ దారిన బస్సులో పోతుంటే నీళ్ళ మధ్య ఎండిన మానులు కనిపిస్తాయి. కరెంటు లేదు. రాత్రిళ్ళు దుప్పట్లు పరుచుకుని బయటే పడుకున్నాం. కార్ నికోబార్ నుంచి ఒక్కో కబురూ వస్తూ ఉంది. నాన్న రోజూ హడ్డో రేవుకి నడిచివెళ్ళి, దిగిన ప్రతి మనిషి మొహం చూసి, చీకటి పడ్డాక వచ్చేవాడు. మావ పేరు కనపడనివాళ్ళ జాబితాలోనే ఉండిపోయింది.

కొత్త టీవీ కొనడానికి మాకు మూడు నెలలు పట్టింది. మళ్ళీ ఆదివారాలు చూశాం. నాన్న నవ్వేవాడు, కానీ మునుపటి నవ్వు కాదు. ఆ మూడు నెలల భాగాల మాట ఎవరూ ఎత్తలేదు. ఏడేళ్ళ తర్వాత, కాలు విరిగి మంచాన పడ్డ రెండో వారంలో, నేను మందులిస్తుంటే నాన్న ఉన్నట్టుండి అడిగాడు: "ఒరే గుంటడా, కంప్యూటర్ల పాత సీరియళ్ళు దొరుకుతాయంట కదా. ఆ సునామీ అప్పటివి దొరుకుతాయేటి? బావకి సెప్తానన్నాను."

ఆ రాత్రి నేను ఒక లెక్కల నోట్‌బుక్ తీసి ఆదివారాలు లెక్కపెట్టాను. మొదటి భాగం వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే డిసెంబర్ 26 అనేది 163వ ఆదివారం. మధ్యలో ఒకటీ అరా తప్పినా, 163 నుంచి పన్నెండు పదమూడు భాగాలు మేం చూడనివి. విదేశంలో ఉన్న ఎవరో తెలుగు మనిషి, పేరు తెలీదు, పదేసి భాగాలు ఒక మూటగా కట్టి, మూటని వంద ఎంబీల ముక్కలుగా కోసి మెగాఅప్‌లోడ్‌లో పెట్టి ఉంచాడు. అన్ని ముక్కలూ దిగితేనే మూట విప్పుకుంటుంది. పదిలో తొమ్మిది దిగి ఒకటి రాకపోతే తొమ్మిదీ మట్టే. మా లైను 256 కేబీపీఎస్, అంటే సెకనుకి 32 కేబీ. ఎక్కడా తెగకుండా సాగితే వంద ఎంబీలకి 53 నిమిషాలు. తెగకుండా సాగిన రాత్రి నాకు ఒక్కటీ గుర్తు లేదు. నోట్‌బుక్‌లో ముక్కకో గడి గీసుకుని, దిగినదానికి టిక్కు పెట్టుకునేవాణ్ణి. జనవరి 19 రాత్రికి నాకు కావలసిన రెండు మూటల్లో పంతొమ్మిది గడులకి పదకొండు టిక్కులు పడ్డాయి.

మెయిన్‌ల్యాండ్ వాళ్ళకి ఈ నెమ్మది ఎంతో చెప్పినా అర్థమయ్యేది కాదు. మా ఇంటర్నెట్ అప్పుడు సముద్రం కిందనుంచి కాదు, ఆకాశం నుంచి వచ్చేది. మనం నొక్కిన నొక్కు 36,000 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహానికి ఎక్కి, చెన్నై వైపు దిగి, జవాబు మళ్ళీ అదే దారిన రావాలి. దీవులన్నీ ఆ సన్నటి ధార మీదే బతికాయి. యూట్యూబ్ తెరిస్తే చక్రం తిరుగుతూ ఉండేది. చెన్నై నుంచి 2,300 కిలోమీటర్ల కేబుల్ సముద్రం అడుగున వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించాక కానీ మా ఊళ్ళో వీడియో ఆగకుండా చూడడమంటే ఏమిటో తెలియలేదు. ఈలోగా 'అమృతం' నిర్మాతలే భాగాలన్నీ తమ చేత్తో యూట్యూబ్‌లో పెట్టారు. ఈ పని చేసినందుకు వాళ్ళకి నేను చేతులెత్తి దండం పెడతాను. కష్టపడి తీసినవాళ్ళకి అణా రాకుండా చూశానన్న నొప్పి నాకు ఆ రోజుల్లోనే ఉండేది. కానీ అప్పుడు అబర్డీన్ బజార్‌లో నేను అడగని సీడీ కొట్టు లేదు. సినిమాలైతే ఇచ్చేవారు. సీరియల్ అంటే తల అడ్డంగా ఊపేవారు. డబ్బు పెట్టి కొనుక్కుందామన్నా అమ్మే మనిషి కనపడలేదు.

నాన్న చెప్పినట్టే ఇంకో కొట్టు వెతికాను. 'అమృతం' లింకులు ఫైల్‌సోనిక్‌లో కొన్ని కనపడ్డాయి. ఒక రాత్రి ఆనందం. జనవరి 22న ఫైల్‌సోనిక్ తనకు తానే పంపకం ఆపేసింది; ఎవరి ఫైళ్ళు వాళ్ళే తీసుకోవాలట, పక్కవాడికి ఇవ్వకూడదట. ఫైల్‌సర్వ్ కూడా అదే బాట పట్టింది. ర్యాపిడ్‌షేర్ ఉంది కానీ ఫిబ్రవరి నుంచి డబ్బు కట్టనివాళ్ళ వేగం కోసేసింది. ఒక కొట్టు మూయిస్తే బజారంతా తలుపులు ఓరగా వేసుకున్నట్టు అయింది.

మిగిలినవి చిన్న చిన్న సైట్లు. వాటిలో ఒకదాని పేజీ ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. డౌన్‌లోడ్ అని రాసిన బటన్లు నాలుగు. మూడు పెద్దవి, పచ్చగా, అరచేతి వెడల్పున ఉన్నవి దొంగవి. నొక్కితే ఇంకేదో ప్రోగ్రామ్ వచ్చి కూర్చునేది. అసలుది అట్టడుగున, చీమంత అక్షరాల్లో. అది నొక్కితే అరవై సెకన్లు ఆగమంటుంది. అంకెలు తగ్గుతూ వస్తాయి. సున్నా అయ్యాక వంకరటింకర అక్షరాల బొమ్మ ఒకటి చూపించి, అవేమిటో టైపు చెయ్యమంటుంది. బొమ్మ మా దగ్గరికి వచ్చేసరికి దాని గడువు దాటిపోయేది. టైపు చేసి నొక్కితే మళ్ళీ అరవై నుంచి మొదలు. ఒక రాత్రి రెండు నుంచి అయిదింటి దాకా ఆ అంకెలే చూశాను. అయిదున్నరకల్లా తెల్లారుతుంది మా దగ్గర. అమ్మ లేచి పొయ్యి వెలిగించి, నా వెనక వచ్చి నిలబడి, ఏమీ అనకుండా టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సైట్ల మూతలో నాకు బాధ కలిగించింది సీరియల్ ఒక్కటే కాదు. మెగాఅప్‌లోడ్‌లో దొంగసరుకు ఉండేది, నిజమే. కానీ జనం సొంత ఫైళ్ళు కూడా అక్కడే దాచుకున్నారు. మా కొట్టుకి వచ్చే కుర్రాడొకడు వాళ్ళక్క పెళ్ళి ఫొటోలు అక్కడ పెట్టి, కెమెరా కార్డు ఖాళీ చేసేశాడు. అతను నా ఎదురుగా కూర్చుని ఆ పేజీ మళ్ళీ మళ్ళీ తెరిచాడు. అమెరికాలో ఒహాయోలో స్కూలు పిల్లల ఆటలు వీడియో తీసుకుని బతికే ఒకాయన తన ఫైళ్ళు తనకిమ్మని కోర్టుకెక్కాడని తర్వాత చదివాను. వర్జీనియా కంపెనీ ఒక్కదాని దగ్గరే 1,100 పైచిలుకు సర్వర్లు తాళం పడి ఉండిపోయాయి. నెదర్లాండ్స్‌లో ఉన్న 630 సర్వర్లని 2013లో తుడిచేశారు. పెళ్ళి ఫొటోలు ఎక్కడివో ఎవరికి తెలుసు? నా మట్టుకు నాకు ఆ రోజు నుంచీ ఏ ఫైలూ ఒక్కచోటే ఉంచే అలవాటు పోయింది.

మే నెల వచ్చేసరికి ఉన్న దారులూ మూసుకున్నాయి. ఎన్టీఆర్ సినిమా 'దమ్ము', ధనుష్ తమిళ సినిమా '3' దొంగతనంగా బయటికి పోకుండా చెన్నై కంపెనీ ఒకటి మద్రాసు హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకుంది. తప్పు చేసేవాడి పేరు తెలియనప్పుడు మన కోర్టుల్లో 'అశోక్ కుమార్' అని రాసి ఉత్తర్వు ఇస్తారు. ఆ కాగితం చూపి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు సైట్లకి సైట్లే ఆపేశాయి. సొంతంగా తీసిన వీడియోలు పెట్టుకునే విమియో కూడా ఆ దెబ్బకి ఆగింది. సైట్ మొత్తం కాదు, తప్పున్న పేజీ ఒక్కటే ఆపమని జూన్‌లో కోర్టు సరిచేసింది. నేను అప్పటికే నోట్‌బుక్ మూసేశాను. నాన్న పిండికట్టు విప్పారు, కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడుస్తున్నాడు. దొరికిందా అని అడగడం మానేశాడు. నన్ను కష్టపెట్టకూడదని మానేశాడు, కోరిక తీరి కాదు.

కొత్త కొట్టు కంప్యూటర్‌లో కాదు, విశాఖలో దొరికింది. పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, అక్కడ ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. సెలవులకి వస్తున్నానని ఫోన్ చేశాడు. మాటల్లో చెప్పాను. "ఓస్, అమృతమా? మా హాస్టల్ ల్యాన్ నెట్‌వర్క్‌లో పడి ఉన్నాయిరా అవన్నీ" అన్నాడు. ఏ బ్యాచ్ వాడు ఎక్కడ దింపాడో ఎవరికీ తెలీదు, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి చేతులు మారుతూ నాలుగు బ్యాచ్‌ల నుంచి ఉన్నాయట. నేను ఆరు నెలలు రాత్రిళ్ళు కూర్చుని దింపలేనిది అన్నయ్య ఒక మధ్యాహ్నం, కేబుల్ పెట్టి కాపీ చేసుకున్నాడు.

మే నెలాఖరుకి మా దగ్గర వానలు పట్టుకున్నాయి. ఎం.వి. హర్షవర్ధన ఓడ రెండున్నర రోజుల ప్రయాణం మూడు రోజులు చేసి హడ్డో రేవుకి వచ్చింది. అన్నయ్య బంక్ క్లాసులో వాంతులతో వాడిపోయి దిగాడు. వచ్చీరాగానే బ్యాగు తెరిచి, తువ్వాలులో చుట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి కట్టి, జీడిపప్పు పొట్లాల మధ్య పెట్టిన హార్డ్‌డిస్క్ నా చేతిలో పెట్టాడు. మూడు రోజులు తల కింద పెట్టుకునే పడుకున్నాడట.

అందులో 'అమృతం' భాగాలు రెండువందలకి పైన ఉన్నాయి. పేర్లే ఉన్నాయి. నెంబర్లు లేవు, తేదీలు లేవు. నా 163 లెక్క ఎందుకూ పనికిరాలేదు.

అప్పుడు నాన్న ముందుకొచ్చాడు. రోజూ రాత్రి అన్నం తిన్నాక నేను ఒక్కో ఫైలూ పెట్టేవాణ్ణి. అమృతరావు ఎవరో చూసి ఏ కాలందో కట్టేసేవాడు. రెండు నిమిషాలు చూసి, "ఇది సూసిందే. ఆయేల మీ అమ్మ పీతల పులుసు పెట్టింది" అనేవాడు. "ఇది సూసిందే. మద్దెలో కరెంటు పోయింది, బావ తిట్టినాడు." "ఇది మనం కొత్త టీవీ తెచ్చినాక సూసింది." ఆయనకి ఆ సీరియల్ కథలతో కాక ఆదివారాలతో గుర్తుంది. ప్రతి భాగం వెనక వాన పడిందో లేదో, మావ ఏ చొక్కా వేసుకున్నాడో ఉంది. సగం భాగాలు నేను మర్చిపోయాను. ఆయన ఒక్కటీ మర్చిపోలేదు. నేను నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, చూసినవాటికి అడ్డగీత కొడుతూ పోయాను.

పదిహేనో రాత్రో, పదహారో రాత్రో ఒక భాగం పెట్టాను. రెండు నిమిషాలయింది. అయిదు నిమిషాలయింది. నాన్న మాట్లాడలేదు. అమ్మ వంటగది గుమ్మంలో నిలబడింది. ఇంటి ఓనరు అప్పాజీ అద్దె కోసం అరుస్తున్నాడు, ఆంజనేయులు నోరు తెరిచి ఏదో సర్దిచెప్పబోతున్నాడు.

"ఇది సూళ్ళేదు" అన్నాడు నాన్న.

అయిపోయాక మళ్ళీ మొదట్నించి పెట్టమన్నాడు. వారం రోజుల్లో అలాంటివి ఇంకో మూడు బయటపడ్డాయి. మిగతావి ఆ డిస్క్‌లో లేవు. ఈ నాలుగు చాలన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, కర్ర తీసుకుని బస్సెక్కుదాం పదమన్నాడు. జంగ్లీఘాట్‌లో అత్త ఇంటికి వెళ్ళాం. అత్త చేపల బుట్ట దించి వాకిట్లో కడుక్కుంటోంది. కూతురు పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లోనే ఉంది. నాన్నకి పీట వేశారు. నేను సంచిలోంచి కొట్టువాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన ల్యాప్‌టాప్ తీసి తెరవబోయాను.

"మూసీ" అన్నాడు నాన్న. "నాను సెప్తానన్నాను. సూపిస్తాననలేదు."

కాలు చాపుకుని, కర్ర పక్కన పెట్టుకుని మొదలుపెట్టాడు. అమృతరావు గొంతు వేరు, ఆంజనేయులు గొంతు వేరు, అప్పాజీ వస్తే పీట మీద నిటారుగా కూర్చునేవాడు. హోటల్లో పనివాడు సర్వం నడక చూపించడానికి విరిగిన కాలితోనే లేవబోతే ఆ పిల్ల భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. అత్త చేపల కత్తి పక్కన పెట్టి, తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ గోడకి ఆనుకుని వింటోంది. రెండో కథ సగానికి వచ్చేసరికి ముందు రాబోయేది తలుచుకుని నాన్నకే నవ్వొచ్చేసింది. ఆగలేదు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, మాట రావడం లేదు. ఏడేళ్ళుగా నేను వినని నవ్వు అది.

అత్త కాసేపు చూసి, పీట దగ్గరికి జరిగి కూర్చుంది.

"ఏటైందన్నా, ఆ తరవాత? సెప్పు" అంది.